పద్నాలుగు అంకెలు

మొదటి బండి కడిగిన ముత్యం.
సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు.
ఎర్రముక్కపల్లె బ్రోకరు ఓబుళపతి
తాళం నా చేతిలో పెట్టకముందే
"ఇరవై రెండు వేల కిలోమీటర్లు మేడమ్, ఉత్త ఇరవై రెండే"
అని మూడుసార్లు చెప్పినాడు.
నాలుగోసారి నేనే చెప్పి ఆపించినా.

నా పని శెనక్కాయల మిల్లులో.
మూట విప్పి పిడికెడు తీసి
చెవి దగ్గర ఆడిస్తా.
పైన నున్నగా ఉన్న కాయే ఒక్కోసారి
లోపల గలగలమంటాది,
గింజ ముడుచుకొని, గోడలకు దూరమై.
కారును చెవి దగ్గర ఎట్లా ఆడించేది?

అందుకే జిలానీని పిలుచుకొని వచ్చినా.
అతను బానెట్టు జోలికే పోలేదు.
వెనక సీటు పక్కన, పిల్లల బిస్కెట్ ముక్కలు పడే సందులో
అరచెయ్యంత జల్లెడ ఉంటే
దాని ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.
"బ్యాటరీకి ముక్కు ఇదేనక్కా.
కడప ఎండల్లో ముక్కు మూసుకుంటే ఎవరు బతుకుతారు?"
వేలు పెట్టి లాగితే
పాత పరుపులో దూది మాదిరి దుమ్ము,
దాంట్లో చిక్కుకొని మూడు నల్లపూసలు.

స్టీరింగ్ కింద అగ్గిపెట్టంత డబ్బా తగిలించి
ఫోను చూసినాడు.
"తప్పులన్నీ నిన్ననో మొన్ననో తుడిచేసినారు.
పలక తడి ఇంకా ఆరలే."
ఓబుళపతి ఫోను మాట్లాడను బయటికి పోయినాడు.
ఆయన ఫోను మోగింది నేను వినలేదు.

"ఘాటెక్కిద్దాం" అన్నాడు జిలానీ,
"చదును రోడ్డు మీద అందరూ ఆరోగ్యవంతులే."

గువ్వలచెరువు మలుపులు.
ఫోనులో పద్నాలుగు అంకెలు,
ఒకే ఇంట్లో పద్నాలుగు కాపురాలు.
ఎక్కేటప్పుడు తగ్గుతాయి, అది తప్పు కాదు,
కలిసి తగ్గాల.
పదమూడు మెట్టు మెట్టుగా దిగినాయి.
తొమ్మిదోది
తాడు తెగిన బొక్కెన.
దిగేటప్పుడు మళ్ళీ అదే
అందరికంటే ముందు నిండింది.
చిన్న చెంబు కదా.

"రెండేండ్లు షెడ్డులో పెట్టింటారక్కా.
నడవక చెడిపోయింది."
మోకాలికి పట్టీ కట్టుకొని మంచం దిగని ఏడాది
నాకు గుర్తొచ్చింది.
ఏమీ అనలేదు. కావాల్సినంత కంటే ఎక్కువ పాలకోవా కొన్నా.

రెండో బండి రాయచోటి మసూద్‌ది.
బాడుగలకు తిప్పిన బండి, లక్షా డెబ్బై వేలు దాటింది.
ఎడమ తలుపుకు సొట్ట,
లోపల అగరొత్తి వాసన, దాని కింద ఇంకేదో వాసన,
డ్రైవరు సీటు అంచుకు సైకిలు ట్యూబు అతుకు.
వద్దనుకొని తిరగబోతా ఉంటే
డ్యాష్‌బోర్డులోంచి పిల్లల నోటుబుక్కు తీసినాడు.
ఆరు నెలలకొకసారి, బాల్‌పెన్నుతో, వంకర అక్షరాల్లో:
గాలి జల్లెడ కడిగినాము.
గాలి జల్లెడ కడిగినాము.
ఒకచోట: కడగలేదు. అమ్మ ఆస్పత్రిలో.

అదే ఘాటు. అవే మలుపులు.
పద్నాలుగు అంకెలు
సాళ్ళు పట్టుకొని కలుపు తీసే ఆడోళ్ళ మాదిరి
ఒక్క వరసలో వంగి ముందుకు జరిగినాయి.
ఒకామె మాత్రం రవ్వంత వెనక.
"అది వయసులే" అన్నాడు జిలానీ.

"ఇంకెన్నేళ్ళు వస్తాదబ్బా?"
"ఈ పొద్దు ఎట్లుందో చెప్తానక్కా. రేపటిది నాకు తెలీదు."

తెలీని రేపటికి ముప్పై వేలు తగ్గించమన్నా.
మసూద్ ఆకాశం చూసి, సొట్ట చూసి,
పద్దెనిమిది అన్నాడు.
ఇరవై దగ్గర ఇద్దరం గొణుక్కున్నాం.

కొండ దిగేటప్పుడు స్టీరింగు నాది.
ఇంజను ఊరుకుంది.
టైర్ల కింద ఇసుక మాట తప్ప ఏమీ లేదు.
ఆఖరి మలుపులో రోడ్డుకడ్డం మేకలు పడుకొని ఉన్నాయి,
మేం వచ్చింది వాటికి తెలీనే లేదు.
హారన్ మీద చెయ్యి పెట్టి
ఎందుకో కొట్టలేదు.
కాసేపటికి ఒక ముసలి మేక
చెవి ఒకటి మా వైపు తిప్పింది.